రాగిరేకులు పాడవు

పాతపేపర్లవాడి త్రాసులో పడబోయిన పుస్తకాన్ని మా అత్తయ్యగారు చెయ్యి అడ్డం పెట్టి ఆపారు.

"అదొద్దమ్మాయ్, అందులో నా పాటలున్నాయి" అన్నారు.

నల్లట్ట నోటుపుస్తకం. అట్ట సగం ఊడింది. "నా పాటలు" అన్నారేగాని అందులో ఆవిడ కట్టింది ఒక్కటీ లేదు. కాపరానికొచ్చిన కొత్తల్లో అత్తగారి దగ్గరా, తోడికోడళ్ళ దగ్గరా, పేరంటానికొచ్చిన ఇరుగుపొరుగుల దగ్గరా విని రాసుకున్నవి. మంగళహారతులు, లాలిపాటలు, నలుగు పాటలు, అప్పగింతలు, సీతమ్మవారి కష్టాలు. పసుపు మరకలూ, నూనె మరకలూ ఏ పేజీలో ఎక్కువున్నాయో ఆ పాట ఎక్కువసార్లు పాడారని లెక్క. ఏ పుస్తకం ఎందరు చదివారో ఇంత నమ్మకంగా చెప్పగల రిజిస్టరు ఏ లైబ్రరీలోనూ ఉండదు.

మేముండేది గోపన్‌పల్లిలో. ఒకవైపు ఐటీ కంపెనీల అద్దాల మేడలు, ఇంకోవైపు హైదరాబాదు విశ్వవిద్యాలయం వారి రాళ్ళూ చెట్లూ. పుస్తకం చేతిలోకి తీసుకోగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన, ఇంత పెద్ద విశ్వవిద్యాలయం పక్కనే ఉంది గదా, దీన్ని వాళ్ళ గ్రంథాలయానికి ఇచ్చేస్తే భద్రంగా ఉంటుందని. రెండో ఆలోచన, ఇస్తే మాత్రం ఏ అలమరలో పెడతారని. మొదటిది గృహిణికి వచ్చే ఆలోచన. రెండోదానికి జవాబు వెతకబోతే సంగీత గ్రంథాలయాల మీద చిన్నపాటి విమర్శ తయారైంది.

మామూలు గ్రంథాలయానికీ సంగీత గ్రంథాలయానికీ ఒక తేడా ఉంది. నవలైతే పుస్తకం ఉంటే నవల ఉన్నట్టే. పాట అలా కాదు. మాట రాసిన కాగితం ఉండాలి, దాన్ని పాడిన గొంతు ఉండాలి, ఈ రెంటినీ కలిపి చూపే కేటలాగు ఉండాలి. మూడింట్లో ఏది లోపించినా పాట కుంటుతుంది. ఈ కొలతతోనే మన సంగీత భాండాగారంలోని గొప్ప సొత్తుల్ని కొన్నింటిని తూచి చూద్దాం.

తెలుగులో ఏ సంగీత గ్రంథాలయానికైనా మొదటి అలమరలో ఉండవలసిన పుస్తకం 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'. 1904లో అచ్చయింది. అచ్చయిన ఊరు తమిళదేశంలోని ఎట్టయపురం, అచ్చయిన లిపి మాత్రం తెలుగు. దక్షిణాది సంగీతానికి ఆనాడు మన భాషే ఇంటిభాష మరి! రాసినవారు సుబ్బరామ దీక్షితులు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులకి ఈయన కూతురి కొడుకు, దత్తత వల్ల కొడుకు కూడాను.

ఆ పాటలు ఇంటి సొత్తు. పదిమందికీ పంచడానికి ఆయన తొందరపడలేదు. చిన్నస్వామి మొదలియారని ఒక క్రైస్తవ పెద్దమనిషి, మన సంగీతాన్ని పాశ్చాత్యుల స్వరలిపిలో అచ్చు వేయిస్తూ వచ్చినాయన, చూపు మందగించినా పట్టు విడవకుండా ఎట్టయపురం రాజావారి చేత చెప్పించి ఒప్పించారు. అలా బయటపడినవే ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలు 229. వాటితోపాటు గీతాలు, వర్ణాలు, వాగ్గేయకారుల చరిత్రలు. ఇప్పుడు సభల్లో దీక్షితుల కీర్తన వింటున్నామంటే ఆ పాట చాలావరకు ఈ పుస్తకం గడప దాటి వచ్చిందే. 1970లలో ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ దీన్ని మళ్ళీ అచ్చు వేయించి పుణ్యం కట్టుకుంది.

ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఒక చిన్న సంగతి. స్వరం రాయడం ఒక ఎత్తు, ఆ స్వరం దగ్గర గొంతు ఎలా ఊగాలో రాయడం ఇంకో ఎత్తు. మనం వంటల పుస్తకంలో 'తగినంత ఉప్పు' అని రాసి ఊరుకుంటాం. ఆ తగినంత ఎంతో రాయడానికి తెగించినాయన సుబ్బరామ దీక్షితులు. కంపితం, స్ఫురితం, నొక్కు, జారు అంటూ ఒక్కొక్క గమకానికి ఒక్కొక్క గుర్తు పెట్టి, స్వరాల నెత్తిన అచ్చు వేయించారు. ఆనాటి అచ్చాఫీసువాళ్ళు ఎంత అవస్థ పడి ఉంటారో!

అయినా ఆ గుర్తులు ఎలా పలకాలన్న దగ్గర విద్వాంసులు ఈనాటికీ వాదించుకుంటూనే ఉన్నారు. గుర్తు పెట్టిన గొంతు 1906లో ఆగిపోయింది. గ్రామఫోన్ కంపెనీ వాళ్ళు 1902లోనే కలకత్తాలో గౌహర్‌జాన్ చేత పాడించి రికార్డు చేసుకున్నారు. అంటే ఎట్టయపురంలో ఈ పుస్తకం అచ్చవుతున్న వేళకి గొంతును పట్టే యంత్రం దేశంలోకి వచ్చేసింది. ఆ యంత్రమూ ఈ మనిషీ కలుసుకోలేదు. కాబట్టి అంత గొప్ప గ్రంథానికీ నా కొలతలో మూడింట ఒక పాలు తక్కువే.

ఇంకో సొత్తు తిరుమలది. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీదకెక్కి, కొండమీద కొన్ని వందల ఏళ్ళు చీకట్లో ఉన్నాయని మనందరికీ తెలిసిన కథే. 1922 ప్రాంతంలో వెలుగులోకి వచ్చాయి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటి పండితులు వాటిని చదివి, పరిష్కరించి అచ్చుకెక్కించారు. అన్నమయ్య 32 వేలు పాడాడంటారు. దొరికినవి 12 వేల పైచిలుకు.

రాగి చెదలు పట్టదు, చినగదు, నానదు. పాటను దాచడానికి ఇంతకంటే గట్టి వస్తువు ఏముంటుంది? కానీ ఆ రేకుల మీద ఉన్నది సాహిత్యం, నెత్తిన రాగం పేరు, అంతే. స్వరం లేదు. ఆ రాగాల్లో కొన్ని ఇప్పుడు వాడుకలోనే లేవు, కొన్ని పేరు నిలుపుకుని రూపు మార్చుకున్నాయి. అన్నమయ్య తన పాట ఎలా పాడుకున్నాడో ఆ రేకు చెప్పలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు కూర్చుని ఒక్కొక్క పాటకీ మళ్ళీ బాణీ కట్టారు. ఆయన తరవాత ఇంకా ఎందరో కట్టారు. మనం ఇళ్ళల్లో పాడుకునే అన్నమయ్య పాటల్లో మాట ఆయనది, పాట మనవాళ్ళది. పాట పోయినా ఇంకో పాట కట్టేవాడు దొరకడం అన్నమయ్య అదృష్టం.

ఇక మా అత్తయ్యగారి నోటుపుస్తకానికి దగ్గరి చుట్టాల దగ్గరికి వద్దాం.

ఆడవాళ్ళ పాటల్ని మనవాళ్ళు అసలు పట్టించుకోలేదంటే అన్యాయమే అవుతుంది. ఉస్మానియాలో పరిశోధన చేసిన బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో పుస్తకంగా వచ్చింది. కృష్ణశ్రీ సంపాదకత్వంలో ఆంధ్ర సారస్వత పరిషత్తువారు 'స్త్రీల రామాయణపు పాటలు' వేశారు. వెల్చేరు నారాయణరావుగారు ఆ పాటల మీద రాసిన ఇంగ్లీషు వ్యాసం 1991లో అచ్చయి, అమెరికా విశ్వవిద్యాలయాల్లో కూడా వీటిని చదివేట్టు చేసింది. వాల్మీకి యుద్ధకాండలో ఉన్నంతసేపు మన ఆడవాళ్ళు కౌసల్య పురిటినొప్పుల దగ్గరా, పద్నాలుగేళ్ళు నిద్రపోయిన ఊర్మిళ మంచం దగ్గరా కూర్చున్నారని ఆయన చూపించారు. నిండుసభలో లక్ష్మణుడు ఫక్కున నవ్వితే, తన గుట్టు తెలిసే నవ్వాడని ఎవరికి వారు భుజాలు తడుముకునే పాట ఉంది చూశారూ, ఆ ఒక్కపాట చాలు, పెరట్లో పాడుకున్న ఆడవాళ్ళకి లోకజ్ఞానం ఎంతో తెలియడానికి.

ఇవన్నీ మంచి పుస్తకాలే. నేను మెచ్చుకుని చదివినవే. కానీ గమనించారా, రామరాజుగారి పుస్తకం పేరులోనే ఉంది 'సాహిత్యము' అని. తెలుగు పండితులు ఈ పాటల్ని సాహిత్యంగా సేకరించారు. మాట రాసుకున్నారు, అర్థం చెప్పారు, పాఠాంతరాలు ఇచ్చారు. పాట ఏ వరసలో నడుస్తుందో, ఎక్కడ సాగదీస్తారో, ఎక్కడ అందరూ కలిసి అందుకుంటారో చాలా చోట్ల రాయలేదు. పుస్తకం చదివి ఆ పాటను మనం చదవగలం, పాడలేం. పండితులకి స్వరం రాకపోవడం ఒక కారణమైతే, స్వరం వచ్చిన విద్వాంసులు వీటిని సంగీతమని అనుకోకపోవడం రెండో కారణం. మొదటిది లోటు. రెండోది చిన్నచూపు.

దీనికి మినహాయింపుగా చెప్పుకోవలసింది వింజమూరి అక్కచెల్లెళ్ళని. అనసూయాదేవిగారు, సీతాదేవిగారు జానపద గేయాలు ఏరి, మద్రాసు రేడియోలో పాడి, కచేరీ వేదిక ఎక్కించారు. అనసూయాదేవిగారు వాటిని స్వరపరిచి పుస్తకాలుగా తెచ్చారు. మాటా, గొంతూ, స్వరమూ మూడూ ఒకే చేతిమీదుగా వచ్చిన సందర్భం మనకి అరుదు. ఆవిడ 2019లో హ్యూస్టన్‌లో కన్నుమూశారు. కచేరీకి ఎక్కించేటప్పుడు పాటకు కాస్త నగిషీ పడుతుంది, పెరటి గరుకుతనం కొంత పోతుంది. ఆ విమర్శ చెయ్యవచ్చు. కాని నగిషీ పడ్డ పాట వినపడుతుంది. గరుకుగా అచ్చులో పడుకున్న పాట వినపడదు.

ఇప్పుడు కేటలాగు సంగతి. హైదరాబాదు విశ్వవిద్యాలయం 1974లో పుట్టింది. తొలిరోజుల్లో దానికి నీడ ఇచ్చింది ఆబిడ్స్‌లోని గోల్డెన్ త్రెషోల్డ్, అంటే సరోజినీ నాయుడుగారి ఇల్లు. 1988లో నృత్యం, నాటకం, చిత్రకళ వంటివాటికి ఆవిడ పేరిటే ఒక కళాశాల ఏర్పాటు చేశారు. ఈమధ్య కాలంలో సంగీతానికీ అందులో చోటు దొరికింది. జానపద సంస్కృతిని చదవడానికి ఉన్న కేంద్రం మాత్రం సాంఘిక శాస్త్రాల పక్షాన ఉంది. ఇది ఆ విశ్వవిద్యాలయం ఒక్కదాని తప్పు కాదు. ఎక్కడికి వెళ్ళినా ఈ వాటాలు ఇలాగే ఉన్నాయి. త్యాగరాజస్వామి పాట సంగీతం. మా అత్తయ్యగారి లాలిపాట జానపదం, లేకపోతే సాహిత్యం, అదీ కాకపోతే సంఘశాస్త్రం.

సంగీత గ్రంథాలయం పాటను వెతికే పద్ధతులు మూడు: కట్టినవారి పేరు, రాగం, పల్లవి మొదటి మాట. మన పాటకి కట్టినవారి పేరు ఉండదు. రాగం పేరు పాడేవాళ్ళకే తెలియదు. మొదటి మాట ఊరికో రకంగా మారుతుంది. మూడు తలుపులూ మూసి ఉన్న ఇంట్లోకి పాట ఎలా వెళుతుంది? దానికి వేరే తలుపులు పెట్టాలి. ఏ సందర్భంలో పాడతారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊరు, ఏ ఇంటివాళ్ళు, ఏ వరస. ఈ అయిదు సంగతులు ఒక కార్డు మీద రాసిపెడితే ఎక్కడి నుంచైనా పాటను పట్టుకోవచ్చు. రాగాన్ని బట్టి వెతికే విద్యార్థికి ఎంత హక్కుందో, సీమంతం పాట కావాలని వచ్చే మనుమరాలికీ అంత హక్కు ఉండాలి.

గొంతుల సంగతి ఇంకా తొందరైనది. పాత గ్రామఫోన్ ప్లేటు లక్కతో చేసింది, చెయ్యి జారితే ముక్కలు. ఒకవైపున మూడు నిమిషాల పాటే పడుతుంది. తరవాత వచ్చిన స్పూలు టేపుల్లో ఒకరకం పాతబడితే పాడైన పచ్చడి జాడీ మూత తీసినట్టు పుల్లటి వాసన కొడుతుంది. ఆ వాసన వచ్చిందంటే టేపు కుళ్ళుతోందని అర్థం. క్యాసెట్లకి బూజు, పైగా వాటిని వినిపించే యంత్రాలే కరువవుతున్నాయి. గంటసేపు పాడిన క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించాలంటే గంటసేపూ దాన్ని నడిపించవలసిందే. పుస్తకమైతే పేజీలు గబగబా ఫొటో తియ్యవచ్చు. పాట తొందరపడదు. గ్రంథాలయాలవారు వెనకబడి ఉన్నారంటే కారణాల్లో ఇదొకటి, ఆ న్యాయం వాళ్ళకి చెయ్యాలి.

చెయ్యదలిస్తే చేసిన చోట్లున్నాయి. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వారు 1982లో మన దేశంలోనే ఒక సంగీత ధ్వని భాండాగారం పెట్టారు. పరిశోధకులు రికార్డు చేసుకున్న పాటలు అక్కడ దాచవచ్చు. ఎవరు వినవచ్చో, ఎవరు కాపీ తీసుకోవచ్చో ఇచ్చినవాళ్ళే షరతు పెట్టవచ్చు. దాని స్థాపకులు నజీర్ జైరజ్‌భాయ్ ఇంకో ముచ్చటైన పని చేశారు. ఆర్నాల్డ్ బేక్ అనే డచ్చి పండితుడు 1938లో దక్షిణాదిన రికార్డు చేసిన పాటల్ని పట్టుకుని, 1984లో ఏమీ కాట్లిన్‌గారితో కలిసి ఆ ఊళ్ళకే తిరిగి వెళ్ళారు. పాడినవాళ్ళకీ, వాళ్ళ పిల్లలకీ వినిపించారు. గ్రంథాలయమంటే పుచ్చుకోవడమే గాక తిరిగి ఇవ్వడం కూడా అని నేను నేర్చుకున్నది ఆ ఒక్క ఉదాహరణ వల్ల.

ఇక్కడో మాట. నోటుపుస్తకం ఉండడం కూడా ఒక భాగ్యమే. మా అపార్టుమెంటుకి కాస్త దూరంలో గోపన్‌పల్లి తండా అని ఉంది. లంబాడీల పాటలకి వాళ్ళ భాషలో లిపే లేదు, ఇక పుస్తకం ఎక్కడిది? నాట్లు వేస్తూ పాడే పాటకి పసుపు మరకల పేజీ ఉండదు. బతుకమ్మను 2014లో తెలంగాణ రాష్ట్ర పండుగ చేశారు, సంతోషం. ఆ తొమ్మిదిరోజులూ స్పీకర్లలో పాట మోగుతుంటే చుట్టూ తిరిగేవాళ్ళు చప్పట్లు కొడుతున్నారు గాని నోరు విప్పేవాళ్ళు తగ్గుతున్నారు. కాగితం అసలే లేని పాటకి గొంతే కాగితం. సంగీత గ్రంథాలయం మొదట పరుగెత్తవలసింది అక్కడికి. మా అత్తయ్యగారి పుస్తకం రెండో రోజు వరకూ ఆగగలదు.

"అన్ని పాటలూ దాచవలసినంత గొప్పవా?" అని మీరడగవచ్చు. కావు. నోటుపుస్తకంలోనే నాలుగైదు హారతులు మాట తేడా తప్ప ఒకదానికొకటి నకళ్ళు. కొన్నిటిలో ప్రాస కోసం అర్థాన్ని గాలికొదిలేశారు. కోడలిని ఒద్దిక నేర్చుకొమ్మని దంచే అప్పగింతల పాట ఒకటుంది. అది మా అమ్మాయి పెళ్ళిలో నేను చచ్చినా పాడనివ్వను. కాని ప్రదర్శినిలోని గీతాలన్నీ సభలో పాడుకోదగ్గవేనా? రాగం వెనకటి రూపు వాటిలో నిలిచి ఉందని విద్వాంసులు వాటిని కళ్ళకద్దుకుంటున్నారు. అలాగే మనం ఏం పాడుకుని ఏడ్చామో, ఏం పాడుకుని ఊరుకున్నామో ఈ పుస్తకాల్లో నిలిచి ఉంది. మంచి చెడ్డలు ఎంచడం విమర్శకుల పని. ఎంచడానికి పాటంటూ మిగల్చడం గ్రంథాలయం పని. రెండోది జరగకపోతే మొదటివాళ్ళకి ఉద్యోగం లేదు.

ఆ సాయంత్రం పుస్తకం ముందేసుకుని కూర్చున్నాం. నేను ఫోను రికార్డింగులో పెట్టాను. మొదట్లో ఆవిడ సిగ్గుపడ్డారు, తరవాత గొంతు దారిలో పడింది. రాసిన చోట లేని 'ఆఁ' ఒకటి ప్రతి చరణం చివరా వస్తోంది. "ఇది పుస్తకంలో లేదేం అత్తయ్యా?" అంటే, "అది రాసుకునేదేమిటే, పాడితే వస్తుంది" అన్నారు.

పది పన్నెండు పాటలయ్యాక ఒక సీత పాట వచ్చింది. నెత్తిన 'తులసి పాట వరస' అని రాసుంది. మన పాత పుస్తకాలన్నిటిలో ఇదే పద్ధతి. స్వరం రాయడం రాదు గనక, అప్పటికి అందరికీ వచ్చిన ఇంకో పాట పేరు వేసేవారు.

"తులసి పాట ఎలా ఉంటుందత్తయ్యా?"

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. మొదటి ముక్క పెదాల మీదకొచ్చింది, రెండో ముక్క దగ్గర ఆగింది. మళ్ళీ మొదలెట్టారు, మళ్ళీ అక్కడే ఆగింది. పుస్తకమంతా తిరగేశాం. తులసి పాట అందులో లేదు. అందరికీ వచ్చిన పాటని రాసుకోవలసిన అవసరం ఆనాడు ఎవరికుంది!

"మా పెద్దనాన్నగారి అమ్మాయికి బాగా వచ్చేది" అన్నారు చివరికి. "పోయి నాలుగేళ్ళయింది."

సీత పాట మాటలు పూర్తిగా ఉన్నాయి, ఒక్క అక్షరం చెరగలేదు. దానికి బాణీ కట్టడానికి రాళ్ళపల్లివారు మా ఇంటికి రారు. పుస్తకాన్ని విశ్వవిద్యాలయానికి ఇవ్వాలనే ఇంకా నా ఆలోచన. కాకపోతే ఒట్టి పుస్తకం ఇవ్వను. పాడినంతవరకూ ఆవిడ గొంతుతో, ఒక్కొక్క పాటకీ ఆ అయిదు సంగతులు రాసిన కార్డుతో ఇస్తాను. తీసుకునేవాళ్ళు ఆ రెంటినీ విడదియ్యమని మాటిస్తేనే సుమా.

మీ ఇంట్లోనూ ఇలాంటి పుస్తకం ఉండే ఉంటుంది. పాతపేపర్లవాడు వచ్చే ఆదివారంలోగా ఒకసారి తెరిచి, ఏ పాట నెత్తిన ఏ వరస అని రాసుందో చూడండి. ఆ వరస వచ్చినవాళ్ళకి ఈ పూటే ఫోను చెయ్యండి.